గోడ కింది దారి

పచ్చి సిమెంటు వాసన పెరట్లోకి వస్తోంది. ఇందాకే ఒక మేస్త్రీ వచ్చి, తార్నాకలోని మా ఇంటికీ పక్క అపార్ట్‌మెంటుకీ నడుమ ఉన్న గోడలో, నేలకు ఆనుకుని ఉన్న కన్నాన్ని అవతలి వైపునుంచి మూసి వెళ్ళాడు. రెండు ఇటుకలు తీస్తే ఏర్పడేంత కన్నం. దాన్ని మూయాలని కాలనీ సంఘం తీర్మానించింది. నా అసమ్మతిని రాతపూర్వకంగానే ఇచ్చాను. చదివిన జాడ మాత్రం ఎవరి ముఖంలోనూ లేదు. ఈ వాసనకు ముందు కోపం రావలసింది. గుర్తుకొచ్చింది మాత్రం సుభద్రా మేడం గొంతు: "కాళ్ళు పైకి తీసుకోండి."

ఆ అపార్ట్‌మెంటు ఉన్న చోట ఆమె ఇల్లు ఉండేది. ఇంటి వెనక విశ్వవిద్యాలయం ప్రహరీ, దాని వెనక క్యాంపస్ పొదలు, బండరాళ్ళు. ఆమె అక్కడ జంతుశాస్త్రం బోధించేవారు. నేను అదే విశ్వవిద్యాలయం కార్యాలయంలో ఫైళ్ళు చూసేవాణ్ణి. ఇల్లు కట్టి, చుట్టూ గోడ పెట్టించి, ఆ గోడను చూసుకుని మురిసిపోతున్న రోజుల్లో ఆమె మా గుమ్మంలోకి వచ్చారు.

"నరసింహారావుగారూ, మీ గోడ కింద రెండు ఇటుకలు తీయించగలరా?"

"ఎందుకండీ?"

"దారికి."

"ఎవరి దారికి? ఇది నా స్థలం. దస్తావేజులున్నాయి."

"ఆ దారిన పోయేవాటికి చదవడం రాదు కదండీ," అన్నారు ఆమె, నవ్వకుండా. "ఇవాళ పొద్దు గూకే వేళకు మా పెరట్లోకి రండి. అప్పటికీ వద్దనిపిస్తే మళ్ళీ అడగను."

వెళ్ళాను. వాదించి గెలవాలనే వెళ్ళాను. ఆమె లైటు వేయలేదు. గోడ వెంబడి ఎండుటాకులు ఊడ్చకుండా వదిలేసి ఉన్నాయి. రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. క్యాంపస్‌లో నెమలి ఒకటి అరిచి ఊరుకుంది. ఆ తరువాత ప్రహరీ దగ్గర ఆకులు కదిలాయి. గాలి లేదు. చప్పుడు ఆగింది, మళ్ళీ, ఇంకొంచెం ఇటుగా మొదలైంది. నేలకు చాలా దగ్గరగా, తొందర లేకుండా, ఏదో వస్తోంది. ఎంత కళ్ళు చించుకున్నా ఆకారం లేదు.

"కాళ్ళు పైకి తీసుకోండి. దారికి అడ్డం."

తీసుకున్నాను. ఆ కదలిక నా కుర్చీ కిందుగా పోయింది. పోయి, నా కొత్త గోడ దగ్గర ఆగింది. ఆపైన గోడ పొడవునా అటు చివరికి, మళ్ళీ ఇటు చివరికి, మళ్ళీ అటు. మధ్యమధ్య గోళ్ళతో గీరిన చప్పుడు.

"ఏమిటది?"

"ముంగిస కావచ్చు, తాబేలు కావచ్చు. పేరుదేముంది? మీ స్థలం ఖాళీగా ఉన్నప్పుడు రోజూ అటు పోయేది. గోడలెక్కగలిగినవి ఎక్కుతాయి. ఎక్కలేనివాటికి ఇలా తిరగడమే."

మర్నాడు ఉదయం ఆ రెండు ఇటుకలూ నేనే ఊడదీశాను.

అక్కడినుంచి సందంతా ఆమె పని మొదలైంది. ఇంటింటికీ వెళ్ళి గోడ కింద కన్నం, మూలన మట్టి మూకుడులో నీళ్ళు, ఊడ్చని ఆకులు, సాయంత్రం వెలగని పెరటి దీపం అడిగారు. మా ఇంటికి రెండోవైపు ఇల్లు యాదగిరిది. లాలాపేట్‌లో పుట్టి, బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమెను చూడగానే చేతులు జోడించాడు.

"ఏంది మేడం, దొంగలు రావద్దని మంది గోడలు కట్టుకుంటరు. మీరేమో బొక్కలు పెట్టిపిస్తుండ్రు!"

"దొంగలే రావాలి యాదగిరిగారూ. మీ బియ్యం మూటల దగ్గర తిరిగే ఎలుకల్ని ఎత్తుకుపోయే దొంగలు."

"గట్లనా? అయితే మా బామ్మర్దికి గూడ చెప్పుండ్రి. వానింట్ల ఎలుకలే ఓనర్లు, వాడే కిరాయికుంటడు."

అలా క్యాంపస్ ప్రహరీనుంచి సందు చివర ఖాళీ స్థలంలో నిలిచే నీళ్ళదాకా, ఒక్కొక్క గోడ కిందుగా ఒక దారి ఏర్పడింది. ఒకసారి నేను ఆ కన్నం దగ్గర పెరుగన్నం పెట్టాను. ఆమె విస్తరి తీసి నా చేతికిచ్చారు. "అన్నం పెడితే మనవైపు చూస్తాయి. దారి ఇస్తే వాటి పని అవి చూసుకుంటాయి. మీకు ఏది కావాలి?" రాసుకునే నా అలవాటు గురించీ ఒకే మాట అన్నారు: "రాయండి. చూడనిది మాత్రం రాయకండి." అందుకే ఆ సాయంత్రాల గురించి నా డైరీల్లో జంతువుల పేర్లు అరుదు. 'చప్పుడు వచ్చింది. వెళ్ళింది.' అంతే.

ఆమె ఒక వేసవిలో పోయారు. పదోరోజు సాయంత్రం యాదగిరీ నేనూ ఆమె పెరట్లో కూర్చున్నాం. ఆకుల చప్పుడు ప్రహరీ దాటి వచ్చింది. ఆమె ఖాళీ కుర్చీ దగ్గర ఆగింది. ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు.

"మేడంను చూడనీకొచ్చినట్టున్నది సారూ," అన్నాడు యాదగిరి, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మాట వింటే ఆమె మందలించేవారు. కానీ ఎందుకు ఆగిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలియదనే రాసుకున్నాను.

ఆ ఇంటి స్థలంలో అపార్ట్‌మెంటు లేచినప్పుడు బిల్డరుతో పోట్లాడి కన్నం నిలబెట్టాను. ఆకులు మాత్రం నిలవలేదు. అంతా పార్కింగ్ బండలే. మొన్న ఆ పార్కింగ్‌లో పాము కుబుసం కనిపించింది. సమావేశం పెట్టారు.

"సేఫ్టీ ముఖ్యం అంకుల్. బొక్క మూసేస్తే ప్రాబ్లమే ఉండదు," అన్నాడు కార్యదర్శి.

"అది వచ్చే దారీ అదే, పోయే దారీ అదే. మూసే ముందు ఏది ఎటువైపు ఉందో చూశారా?"

"అంకుల్, ప్లీజ్. అందరికీ ఆఫీసులుంటాయి."

చూడకుండా మూయడం! కుబుసం విడిచినది ఎక్కడుందని అంతమందిలో ఒక్కరైనా అడగలేదు.

పొద్దు గూకింది. సిమెంటు వాసనకు యాదగిరి కూడా వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నాడు. "మూసిన్రా సారూ?" అన్నాడు. తలూపాను. ఇద్దరం అపార్ట్‌మెంటు వైపు చెవులు పెట్టాం. క్యాంపస్‌లో నెమలి అరిచి ఊరుకుంది. అటునుంచి ఏ చప్పుడూ లేదు.

ఆకులు కదిలాయి. అటు కాదు, మా వెనక. యాదగిరి గోడ కన్నం దగ్గర.

"సారూ," అన్నాడు యాదగిరి గొంతు తగ్గించి, "ఇది లోపల్నే ఉన్నది. లైటెయ్యన్నా?"

"వద్దు. కాళ్ళు పైకి తీసుకో."

అది మా కుర్చీల కిందుగా పోయింది. మూసిన చోట ఆగింది. గోడ పొడవునా అటు చివరికి, ఇటు చివరికి, మళ్ళీ అటు. అది అటు చివర ఉన్నప్పుడు లేచి వెళ్ళి, నా చేతికర్రను ఆ కన్నంలో పెట్టి గట్టిగా తోశాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ముద్దగా విడిపోయి అవతల పడింది. రేపు సంఘం వాళ్ళు అడుగుతారు. నేనే చేశానని సంతకం పెట్టి ఇస్తాను.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. తిరుగుడు ఆగింది. ఆకులు ఒకసారి, కన్నం పక్కనే, కదిలాయి. ఆ తరువాత ఏమీ లేదు. అవతల ఉన్నవి బండలు. వాటిమీద ఏది నడిచినా వినిపించదు. పోయిందో, ఇంకా మా దగ్గరే ఆగి ఉందో చెప్పలేను.

యాదగిరి నావైపు చూశాడు. మేమిద్దరం కాళ్ళు కిందికి దించలేదు.