ఎలుకలు నీళ్ళు తాగాలని ప్రార్థన

ఆ రోజుల్లో, అంటే మిస్డ్ కాల్ ఇవ్వడం కూడా ఒక భాషగా చలామణీ అయిన రోజుల్లో, ఢిల్లీలో మా వాళ్ళందరి బతుకూ కుళాయి చుట్టూ తిరిగేది. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్సులో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నీళ్ళు వదిలేవారు. నీళ్ళకంటే ముందు గొట్టంలోంచి సుయ్‌మని గాలి వచ్చేది. ఆ చప్పుడు వినపడగానే మా బాబాయి మొహాన సబ్బు నురగతోనే బకెట్ల దగ్గరికి పరుగెత్తేవాడు. (కేంద్ర ప్రభుత్వంలో ఆయన గుమాస్తా కంటే పెద్ద, ఆఫీసరు కంటే చిన్న. కుళాయి దగ్గర మాత్రం సేనాధిపతి.) అలాంటి ఇంట్లో ఉంటూ నేను చేసిన మొదటి ఉద్యోగం ఏమిటంటే, ప్రయోగశాలల్లో ఎలుకలకి రేయింబవళ్ళు ఫిల్టరు నీళ్ళు అందేలా గొట్టాలు బిగించడం. ఆ సంగతి చెప్పిన రోజున, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే మా పిన్ని చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయింది. "మనుషులకి పూటకో గంట, ఎలకలకి రోజంతానా? ఆ గొట్టమేదో మన వంటింట్లో కూడా ఒకటి బిగించవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!" అంది.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. సర్టిఫికెట్లలో నా పేరు వేరే ఉన్నా, తెనాలిలో ఇంటిల్లిపాదీ నన్ను పిలిచిన పేరు కాలుగాలిన పిల్లి. కూర్చుని అన్నం తిన్న జ్ఞాపకం లేదు. పరీక్ష హాల్లో నా కాలు ఊగుతుంటే ముందు బెంచీ అమ్మాయి అక్షరాలు వంకర్లు పోయేవి. అలాంటి పిల్లిని తీసుకెళ్ళి ఎలుకల దగ్గర పెట్టిన ఘనత మా కంపెనీ యజమానిది. ఫరీదాబాద్‌లో వెనక షెడ్డు, ముందు ఒక ఏసీ గది, అదే కంపెనీ. ఏ కష్టం చెప్పినా ఆయన "హో జాయేగా, బేటా, హో జాయేగా" అనేవారు, అంటే అదే అయిపోతుందిలే అని. అందుకే మేం ఆయన్ని చాటుగా 'హోజాయేగా సార్' అనేవాళ్ళం. బ్లూలైన్ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, బదర్‌పూర్ బోర్డర్‌లో బస్సు మారి, జుట్టంతా దుమ్ముతో నేను ఆఫీసుకి చేరితే, "రావడం కష్టంగా ఉంది సార్" అనకముందే ఆ జవాబు వచ్చేసేది.

మేం బిగించే ఏర్పాటు వినడానికి చాలా సులువు. గది మూల ఎత్తులో ఒక ట్యాంకు. అందులోంచి వడగట్టిన నీళ్ళు సన్నటి స్టీలు పైపుల్లో మెల్లగా దిగి పంజరాల వరసల వెనక నుంచి పోతాయి. ఒక్కో పంజరానికి ఒక్కో నాజిల్, దాని నోట్లో చిన్న పుల్ల. ఎలుక నాలుకతో ఆ పుల్లని కాస్త నెట్టిందంటే చుక్కలు పడతాయి, వదిలేస్తే ఆగిపోతాయి. అంతకుముందు ప్రతి పంజరం మీదా ఒక సీసా బోర్లించేవారు. ఆ సీసాల్ని కడగడం, నింపడం, మళ్ళీ బిగించడం, రోజూ అదే తద్దినం. మా గొట్టాలు వస్తే అది తప్పుతుందని హోజాయేగా సార్ ఒక పెద్ద పరిశోధన సంస్థని ఎలాగో ఒప్పించి, ముందుగా ఒక ర్యాక్ మీద బిగించి చూపించే పని నా మీద పెట్టారు. అది నచ్చితే గదులన్నిటికీ ఆర్డరు వస్తుంది. నచ్చకపోతే కంపెనీకి ఆర్డరూ ఉండదు, అప్పటికింకా పర్మనెంటు కాని నాకు ఉద్యోగమూ ఉండదు.

అక్కడ ఎలుకలన్నిటికీ పెద్ద దిక్కు ఒక బెంగాలీ సైంటిస్టు. ఎలుకల్నే కాదు, మాటల్ని కూడా తూచే మనిషి కాబట్టి నా మనసులో ఆవిడ పేరు త్రాసు మేడమ్. శనివారం మధ్యాహ్నానికల్లా నేను గొట్టాలు బిగించి, సీసాలన్నీ తీయించి, గర్వంగా పక్కకి జరిగి నిలబడ్డాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"సీసా అయితే నీళ్ళు తగ్గడం కంటికి కనిపిస్తుంది. ఈ గొట్టాన్ని చూసి, ఎలుక తాగిందో లేదో నాకెలా తెలుస్తుంది, బేటా?"

"ఎలుకని చూస్తే తెలుస్తుంది మేడమ్."

"ఏం చూడాలి? ప్యాస్ లగీ హై క్యా, దాహమేస్తోందా అని అడగాలా?"

ఆవిడే తేల్చారు. అప్పటికే ప్రతి ఎలుకనీ తూచి ఉంచారు. మర్నాడు పొద్దున స్వయంగా వచ్చి మళ్ళీ తూస్తారు. నీళ్ళు తాగని ఎలుక ఒక్క రోజుకే చిక్కిపోతుందట. చిక్కిందా, ఆ క్షణమే సీసాలు పంజరాల మీదికి, మా గొట్టాలు ఫరీదాబాద్‌కి.

ఇక ఆ మధ్యాహ్నం నేను పడిన ఆరాటం చూసి తీరాలి. తెల్లటి ఎలుకలు మూలన ముద్దలుగా ముడుచుకుని పడుకున్నాయే తప్ప ఒక్కటీ నాజిల్ వైపు తిరగలేదు. నేను పంజరాల ముందు అటు నడిచి, ఇటు నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో పుల్ల నొక్కి చుక్క రప్పించి, "ఇదిగో, ఇలా తాగాలి" అని చూపించాను. (ఢిల్లీ ఎలుకలు కదా, తెలుగు రాదేమోనని హిందీలో కూడా చెప్పాను.) ప్రెషర్ ఎక్కువైందేమోనని ట్యాంకు దగ్గరికి పరుగు, తక్కువైందేమోనని మళ్ళీ పరుగు. చివరికి త్రాసు మేడమ్ పెన్ను బల్ల మీద పెట్టేసి, "నువ్విలా తిరుగుతుంటే ఎలుకలేం ఖర్మ, నేనే నీళ్ళు తాగలేను. పగలు అవి పడుకుంటాయి, చీకటి పడ్డాకే తిండీ నీళ్ళూ. ఘర్ జావో!" అన్నారు.

ఇంటికైతే వెళ్ళాను గానీ మనసు అక్కడే ఉండిపోయింది. అన్నం ముందు కూర్చుని లేచి, లేచి కూర్చుని, ఆ ఎలుకలుండే యానిమల్ హౌస్ గేటు దగ్గరి ల్యాండ్‌లైన్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేశానో. అక్కడి గార్డు భయ్యా మొదట మర్యాదగా, తర్వాత జాలిగా మాట్లాడాడు. "మేడమ్ జీ, చూహే ఠీక్ హైఁ. ఆప్ ఠీక్ హో?" అని, ఎలుకల సంగతి వదిలేసి అతనే నా క్షేమసమాచారం అడిగాక ఫోన్ పెట్టేశాను. మా పిన్ని అంతా చూసి, "రేపు చర్చికొచ్చి ఆ భారం దేవుడి మీద వేయవే. నీ కాళ్ళకి కూడా కాస్త విశ్రాంతి" అంది.

ఢిల్లీ తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాల్లో ఒక స్కూలు హాల్లో కూడేది. గుంటూరు నర్సులు, గోదావరి గుమాస్తాలు, తెలుగులో పాట పాడి హిందీలో పోట్లాడుకునే వాళ్ళ పిల్లలు. పిన్ని తన నీలం పట్టుచీర నాకు కట్టించి ముందు వరసలో కూర్చోబెట్టింది. ప్రార్థన విన్నపాలు చెప్పమని పాస్టరుగారు అడిగారు. ఒక అంకుల్ లేచి తన బదిలీ ఆగాలన్నారు. ఒక ఆంటీ మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంది. ఇంతలో నా పక్కన ఇంకో పట్టుచీర గరగరలాడింది. చూస్తే మా పిన్ని నిలబడి ఉంది.

"అయ్యగారూ, మా అక్క కూతురికి ఉద్యోగంలో పరీక్షండి. ఎలకలు నీళ్ళు తాగాలండి. తాగకపోతే దీని ఉద్యోగం పోద్దండి. సంఘమంతా ప్రార్థన చేయాలి."

పాస్టరుగారు కళ్ళు చికిలించి, "ఎలకలేనా అమ్మా?" అన్నారు.

"ఎలకలేనండి. తెల్లయి."

నేను కూర్చున్న కుర్చీ కింద నేల విచ్చుకుంటే బాగుండుననుకున్నాను. కానీ ఆయన గొప్ప మనిషి. పెదవి కూడా వంచకుండా కళ్ళు మూసుకుని, "సమస్త ప్రాణులను పోషించు తండ్రీ, ఆ మూగజీవులకు దాహమును అనుగ్రహించుము, అవి బెదరక ఆ గొట్టమునొద్దకు చేరునట్లు చేయుము" అని మొదలుపెట్టి చాలాసేపే ప్రార్థించారు. వెనక నుంచి ఎవరో గట్టిగా "ఆమెన్" అన్నారు. బదిలీ అంకుల్ మాత్రం, తన విన్నపం రెండు ముక్కల్లో ముగిసిపోయి ఎలుకలది ఇంత పొడుగు సాగిందేమిటన్నట్టు నా వైపు గుర్రుగా చూశారు. ప్రసంగం మొదలయ్యేసరికి నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. పిన్ని చెయ్యి పట్టుకుని ఆపబోతే, "దేవుడు చూసుకుంటాడు పిన్నీ, నేనొకసారి వెళ్ళి చూసొస్తాను" అని ఆటో ఎక్కేశాను.

నేను వెళ్ళేసరికే త్రాసు మేడమ్ వచ్చి ఉన్నారు. పట్టుచీర మీద గౌను, తల మీద టోపీ, మొహానికి మాస్కు తొడుక్కుని లోపలికి వెళ్ళిన నన్ను చూసి, "శాదీ హై క్యా? పెళ్ళికా?" అన్నారు. తూకం దాదాపు అయిపోవచ్చింది. ఒక్క ఎలుకా చిక్కలేదు. నాకు ఎగరాలనిపించింది. ఎగరకముందే ఆవిడ వేలు కింది వరసలో చివరి పంజరం వైపు చూపించింది. అందులో ఊక అంతా నీళ్ళలో తేలుతోంది. పైన మేత పెట్టే ఇనుప జల్లెడని నాలుగు కాళ్ళతో కరుచుకుని, వానలో తడిసిన దూదిపింజలా, ఒక ఎలుక వేలాడుతోంది.

"యే క్యా హై? నేనడిగింది తాగడానికి నీళ్ళు. ఈతకొలను కాదు."

జరిగిందేమిటంటే, అది ఏ ఆలోచనతోనో గానీ ఊకంతా తెచ్చి నాజిల్ నోట్లో కుక్కింది. పుల్ల ఇరుక్కుపోయింది. నీళ్ళు ఆగకుండా వచ్చేశాయి. మేడమ్ ఆ ఎలుకని తీసి తువ్వాలులో చుట్టి గుండెకి ఆనించుకున్నారు. అది వణుకుతోంది. "ఇదే కళ్ళు తెరవని పిల్లలున్న పంజరమైతే ఏమయ్యేది, చెప్పు?" అని ఆవిడ మెల్లగా అడిగారు. అరిచి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆ మెల్లదనానికి నాకు ఏడుపొచ్చింది. బయటికి పరుగెత్తి హోజాయేగా సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, పంజరం నిండిపోయింది. ఎలుక మునిగిపోబోయింది."

"హో జాయేగా, బేటా, హో జాయేగా."

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చి, ఊరికే నిలబడలేక ఆ పంజరం చుట్టూ తిరిగాను. అలా తిరుగుతుంటే దాని వెనక గోడకి పైవైపున్న తీగల జాలీ కనిపించింది. నాజిల్ జాలీలోంచి లోపలికి పొడుచుకొచ్చి ఊక మీదికి వంగి ఉంది. దాన్ని వెనక్కి లాగి జాలీకి అవతలే నిలబెడితే? ఎలుక మూతి బయటికి చాపి తాగుతుంది, ఊక అంత దూరం మోసుకురాలేదు, ఒకవేళ కారినా నీళ్ళు పంజరంలోకి కాక కింద ట్రేలోకి పోతాయి. మేడమ్‌తో చెప్పాను. ఆవిడ తువ్వాలు మూటని సవరించుకుంటూ, "చేసి చూపించు" అన్నారు. పట్టుచీర కుచ్చిళ్ళు నడుముకి దోపుకుని, స్పానర్ పట్టుకుని, ఆ వరసంతా బిగింపులు వదులు చేసి వెనక్కి లాగి మళ్ళీ బిగించాను. జరీ అంచు మీద గ్రీజు మరక పడింది. (పిన్ని ఆ మరకని క్షమించలేదు, ఎలుకల్ని క్షమించింది.)

ఆరిన ఎలుకని కొత్త ఊకలో వదిలాక మేడమ్ ఒక స్టూలు నా ముందుకి జరిపారు. "ఇప్పుడు కూర్చో. హిల్నా మత్. అది వచ్చి తాగేదాకా నువ్వు మనిషివి కాదు, బల్లవి."

నా జీవితంలో అలా కదలకుండా కూర్చోవడం అదే మొదలు. ముక్కు దురద పెట్టింది. అరికాలు తిమ్మిరెక్కింది. ఊగబోయిన మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. గదిలో ఫ్యాను హోరు తప్ప ఇంకేమీ లేదు. ఎంతసేపటికో ఆ ఎలుక ముద్ద విప్పుకుని, మీసాలు ఆడించి, గోడ వెంబడి వాసన చూసుకుంటూ వచ్చింది. జాలీ దగ్గర ఆగింది. వెనక కాళ్ళ మీద లేచి నిలబడి గులాబీరంగు మూతి బయటికి పెట్టి, నాలుకతో ఆ పుల్లని నెట్టింది. టిక్, టిక్, టిక్. గొంతు కదలడం కూడా కనిపించింది.

"తాగుతోంది!" అని కేక పెట్టాను. ఆ కేకకి ఆ ఎలుకతోపాటు ర్యాక్ మొత్తం ఊకలో దూరిపోయింది. గార్డు భయ్యా కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. త్రాసు మేడమ్ మాస్కు కిందికి లాగి, గోడకి ఆనుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆవిడకి పళ్ళున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నవ్వు ఆగాక, "పగటిపూట, నిండా నిద్రమత్తులో లేచి తాగింది. నడుస్తుంది నీ గొట్టం" అన్నారు. ఆర్డరు వచ్చింది, ఉద్యోగమూ నిలిచింది. అయితే తన ముఖ్యమైన ప్రయోగంలో ఉన్న ఎలుకలకి మాత్రం ఆవిడ ఇంకా చాలాకాలం సీసాలే ఉంచారు. ఎందుకు మేడమ్ అంటే, "మీ గొట్టం మీద నమ్మకముంది. నా నిద్ర మీద లేదు" అన్నారు.

తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పక తప్పలేదు. ఎలుకలు నీళ్ళు తాగాయని నేను మైకులో చెప్పగానే హాలంతా "దేవునికి స్తోత్రం" అంది. కార్యక్రమం అయ్యాక మోకాళ్ళ నొప్పుల ఆంటీ నా దగ్గరికొచ్చి, "అంతా బానే ఉంది గానీ అమ్మాయ్, ఆ తర్వాత వాటినేం చేస్తారు?" అని అడిగింది. వారం రోజులుగా అటూ ఇటూ పరుగెత్తిన నాకు ఆ ప్రశ్న దగ్గర కాలు ఆగిపోయింది. పిన్నే జవాబు చెప్పింది. "మా వార్డులో మేమిచ్చే మందు ఏదైనా ముందు అవే మింగుతాయి వదినా. బతికినన్నాళ్ళయినా దాహం లేకుండా ఉండనీ." పక్కనే టీ తాగుతున్న పాస్టరుగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచారు.

ఇన్నేళ్ళ తర్వాత నేనూ నలుగురికి పని చెప్పే స్థితికి వచ్చాను. ఏ గదిలో ఎన్ని నీళ్ళు కదిలాయో నా బల్ల మీది తెరపై గీతలుగా కనిపిస్తాయి. ఎక్కడైనా కారితే గంట మోగుతుంది. గీత సాఫీగా ఉంటే ఎలుకలు తాగుతున్నట్టే లెక్క. కేక పెట్టాల్సినంత సంగతి ఏమీ జరగదు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు, "మేడమ్, ఏం జరిగినా మీరు కదలరు, మెదలరు. అంత కుదురు మాకెప్పుడొస్తుందో!" అంటుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఎవరో పరిచయం లేని పెద్దావిడ గురించి చెబుతున్నట్టు ఉంటుంది నాకు. ఆవిడ ఏ బస్సు దిగి, ఎప్పుడొచ్చి, నా కుర్చీలో ఇంత నిమ్మళంగా కూర్చుందో నాకు ఇప్పటికీ తెలియదు.