కలలో తిన్న కేకుకీ లెక్కే

మా అమ్మమ్మ కలలో తిన్న తిండికి కూడా కేలరీలు రాయించేది. పొద్దున్నే ఎవరు ఆవులిస్తూ వంటగదిలోకి వచ్చినా, పాల గిన్నె మీది ఆవిరిలోంచి ఒకటే ప్రశ్న.

"కలలో ఏం తిన్నావు?"

సగం తిన్నానన్నా వదలదు. కలలో తిన్నదానికి సగం లెక్క. కల గుర్తు లేకపోతే పావు. అబద్ధం చెబితే రెండింతలు. ఈ చట్టం ఎవరు చేశారని అడిగితే "నేనే" అనేది, తడుముకోకుండా.

అమ్మమ్మ ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసులో పార్సిళ్లు తూచింది. ఏ వస్తువైనా అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుందంటే గ్రాములు చెప్పేస్తుంది. ఆ చేత్తోనే ఇప్పుడు మా రొట్టెలు, గుడ్లు, అరటిపళ్లు తూచేది. చూపు ఆనదు కాబట్టి లెక్కల పుస్తకంలో రాయడం నా వంతు. నేనేమో ఎనిమిదో తరగతి గట్టెక్కలేక బడికి దండం పెట్టేసినదాన్ని. ఒకరోజు అమ్మ తిన్న అరటిపండుకి తొంభై రాయబోయి తొమ్మిది వందలు రాశాను. పాపం అమ్మ సాయంత్రం దాకా మంచినీళ్లతో గడిపింది. తప్పు బయటపడ్డాక అమ్మ నా వైపు చూసిన చూపుకి ఎన్ని కేలరీలో అమ్మమ్మ చెప్పలేదు.

కలల లెక్క అయితే ఇలా ఉండేది.

"నేను కేకు తిన్నానమ్మమ్మా," అంది అక్క. "ఇల్లంత కేకు."

"కిటికీలు కూడా తిన్నావా?"

"ఒక్కటే."

"తలుపు?"

"తెరుచుకుని లోపలికెళ్లాను."

"తలుపు రాయకే," అని అమ్మమ్మ నాకు చెప్పింది.

నా వంతు వచ్చింది. "నేను మబ్బు తిన్నాను."

నన్ను తిడుతుందనుకున్నాను. అమ్మమ్మ అరచెయ్యి చాపింది, కళ్లు మూసుకుంది. కిటికీలోంచి వచ్చే లేత ఎండ ఆ చేతిలో కాసేపు కూర్చుంది. "తడి మబ్బా, పొడి మబ్బా?"

"పొడిదే."

"అయితే పదిహేను."

ఈ లెక్కలన్నీ నాన్న కోసమని నాకు తెలుసు. నాన్న క్రేన్ నడుపుతాడు. ఇరవై అంతస్తుల ఎత్తున, గాజు గదిలో, పిట్టలకి ఇరుగుపొరుగుగా కూర్చుంటాడు. మూడు నెలల్లో తొంభై అయిదు కిలోల లోపుకి రాకపోతే ఆ గదిలోంచి దింపేసి కింద స్టోర్లో కూర్చోబెడతామని కంపెనీవాళ్లు కాగితం ఇచ్చారు. అప్పటికి నాన్న నూట మూడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చొక్కా ఉతుకుతుంటే అమ్మకి ఆ కాగితం దొరికింది.

"అల్లుడుగారిని ఒక్కరినే తక్కువ తినమని ఏ మొహంతో అంటాం? చిన్నబుచ్చుకుంటారు," అంది అమ్మమ్మ. మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ లెక్క మొదలైంది. గాలికి ఎగిరిపోయేలా ఉండే అక్కకి కూడా.

అంతవరకు నాకు అర్థమైంది. కలల సంగతే అంతుపట్టలేదు. వయసు మీద పడిందిలే అనుకున్నాను.

నాన్నది రోజూ ఒకటే జవాబు. "నాకు కలలు రావండీ, అత్తయ్యగారూ."

"అయితే పావు లెక్క బాబూ," అని ఆయన పళ్లెంలోంచి రొట్టె ముక్క తుంచేసేది.

రెండో నెలలో నాన్న తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. ఇంట్లో తిండి తగ్గింది, తూకం ముల్లు మాత్రం కదలదు. అమ్మ మొహం వాడిపోయింది. అలాంటి ఒక పొద్దున నాన్న కుర్చీలో కూర్చుని, పళ్లెం వైపే చూస్తూ అన్నాడు.

"ఇవాళ కల వచ్చిందండీ."

"ఏం తిన్నారు బాబూ?"

"ఏమీ తినలేదు. నేను పైన గదిలో ఉన్నాను. చుట్టూ మబ్బులు. చూస్తుండగానే గది కిందికి దిగిపోతోంది, లిఫ్టులాగా. నేల మీద ఎవరో నా చేతిలో మేకుల డబ్బా పెట్టారు. తలెత్తి చూస్తే నా గదిలో వేరే అతను."

"ఎంత రాయను?" అని గొణిగాను.

"సున్నా," అంది అమ్మమ్మ. "తర్వాత బాబూ?"

ఆ "తర్వాత"తో నాన్న మొత్తం చెప్పేశాడు. కాగితం సంగతి, భయం సంగతి. ఆ భయంతోనే రోజూ సాయంత్రం పని దగ్గర గేటు పక్కన నిలబడి రెండు పొట్లాల వేయించిన బంగాళదుంపలు తింటున్న సంగతి.

"ఆ దుంపలు కలలోవా, నిజంవా?" అడిగింది అమ్మమ్మ.

"నిజంవేనండీ."

"అయితే పూర్తి లెక్క!"

ముందు నాన్నే నవ్వాడు. ఆ సాయంత్రం నుంచి అమ్మ గేటు దగ్గరికి ఎదురెళ్లేది. ఇద్దరూ పాత కబుర్లు చెప్పుకుంటూ, తొందరేమీ లేనట్టు, నడిచి ఇంటికొచ్చేవాళ్లు. మూడు నెలలు నిండిన రోజున నాన్న తొంభై నాలుగున్నర తూగాడు. గాజు గది ఆయనకే ఉండిపోయింది.

"నిజం చెప్పు," అని అమ్మమ్మని నిలదీశాను. "కలలో తిన్నదానికి కేలరీలుంటాయా?"

"పిచ్చిమొద్దూ! అంత పెద్దమనిషిని పట్టుకుని, మీకేం భయం అని అడిగితే చెబుతాడా? తిండి సంగతైతే ఎవరైనా చెబుతారు."

మర్నాడు నాన్న అందరికంటే ముందే వంటగదిలోకి వచ్చాడు. "అత్తయ్యగారూ, ఈ పుస్తకంలో మీ కల ఒక్కటీ లేదేం?"

అమ్మమ్మ సిగ్గుపడింది. "నాదెందుకులెండి. రాత్రి మీ క్రేన్ ఎక్కాను. మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టి నేనే నడిపాను. ఊళ్లోని ఇళ్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి, దుమ్ము దులిపి, మళ్లీ పెట్టేశాను."

"ఏం తిన్నారు?"

"తినడానికి తీరికేదీ! అంత పనుంటే!"

నాన్న నా చేతిలోని పెన్సిల్ తీసుకున్నాడు. "రాత్రంతా డ్యూటీ" అని రాసి, తన పళ్లెంలోని రొట్టె ఆవిడ పళ్లెంలో వేశాడు.