రాతి తొట్టి మోసిన వీరుడికి నేను వేసిన మార్కులు

మొన్న గురువారం నరసరావుపేటలో ఎముకల డాక్టరు గది బయట, మా చెల్లెలిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, పదిహేడో నంబరు పిలుపు కోసం నలభై నిమిషాలుగా ఎదురు చూస్తుంటే, పక్క బల్ల మీద బొమ్మల కథల పుస్తకం చదువుకుంటున్న పదేళ్ళ పాప తలెత్తి వాళ్ళమ్మను ఒక ప్రశ్న అడిగింది. కొండలెత్తే ఈ వీరుడు, కరెంటు తాగి బతికే రాక్షసుడితో పన్నెండు పేజీలు కొట్టుకునే బదులు, గోడకున్న మెయిన్ ఆపేస్తే సరిపోదా అని. తల్లి ఫోనులోంచి కళ్ళు తిప్పలేదు. మెడ తిరగని మా చెల్లెలు మాత్రం నడుముతో సహా అటు తిరగబోయి, "అక్కా, నీలాంటిదే ఇంకోటి పుట్టింది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మన పల్నాటి మెట్ట ఊళ్ళలో నీళ్ళ సంగతి నా వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. దుర్గి దాటి లోపలికి ఉన్న మా ఊళ్ళో, చూడ్డానికి తేటగా ఉండే బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందని, పిల్లల పళ్ళ మీద గారలూ పెద్దవాళ్ళ వంగిపోయిన నడుములూ అందువల్లేనని మా ఇంట్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇరవై మూడో ఏట పేటలో సైన్సు టీచరుగా చేరి, అక్కడ కాలవ నీళ్ళు తాగుతూ, ఆదివారం ఆదివారం బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. చెల్లెలు నాకన్నా ఎనిమిదేళ్ళ నాలుగు నెలలు చిన్నది. పాఠం మధ్యలో పిల్లలు దాచుకుని చదువుతుంటే నేను లాక్కున్న బొమ్మల పుస్తకాలన్నీ దానికే చేరేవి. అవి చదివీ చదివీ, నేను దిద్దేసిన పరీక్ష కాగితాల వెనక వైపున తనే కథలు గీయడం మొదలుపెట్టింది.

దాని వీరుడు మా వైపు రాళ్ళు చెక్కే మనిషిలా తలకు తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. ఒకే బండను తొట్టిగా తొలిచి, దాన్ని నెత్తిన పెట్టుకుని తెల్లవారక ముందే సాగరు దాకా ఎగిరివెళ్ళి, కృష్ణ నీళ్ళు తెచ్చి ఊళ్ళో ప్రతి గడపకూ ఒక బిందె పోసేవాడు. బొమ్మలు బాగుండేవి. ఆ మాట నేను అప్పుడు అనలేదు.

నేను చేసింది వాటిని దిద్దడం. తొట్టి పొడవు, వెడల్పు, లోతు బొమ్మలోంచే కొలిచి, మా ఊరి మూడు వందల పది గడపలకు నీళ్ళు చాలాలంటే వాడు పూటకు పద్నాలుగు సార్లు తిరగాలని, ఆ వేగానికి సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోతాయని ఎర్ర సిరాతో రాశాను. చివర, బిందెడు నీళ్ళలో సున్నమూ పటికా తగుపాళ్ళలో కలిపితే ఇంట్లోనే మంచినీళ్ళు అవుతాయని తెలియనివాడు వీరుడేమిటని రాసి, పాతికకు సున్నా వేశాను. అంతటితో ఊరుకోక, అమ్మా ఇరుగమ్మా పొరుగమ్మా కూర్చుని ఉండగా అరుగు మీద గొంతెత్తి చదివాను. అందరూ పడీ పడీ నవ్వారు. వాళ్ళ నవ్వు ఆగేదాకా చెల్లెలు తల దించుకుని ఉండి, అప్పుడు అడిగింది.

"పటిక ఎంత ఎయ్యాలక్కా?"

"ముందు పది పాసవ్వు. పుస్తకంలోనే ఉంటది."

లెక్కల్లో అది అప్పటికి రెండుసార్లు తప్పింది.

మరుసటి ఆదివారం నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి అమ్మ బిందెను బండ మీద బోర్లిస్తోంది. చెల్లెలు మంగలి షాపు నుంచి పటిక బిళ్ళ అడిగి తెచ్చి, మొత్తం కొట్టి నీళ్ళలో వేసిందట. "ఏమే, ఈ నీళ్ళేంది ఇట్టా వగరుగా ఉన్నయ్యి? ఇంటిల్లిపాదినీ చంపుతావా ఏంది?" అని అమ్మ అంటుంటే చెల్లెలు నా వైపు చూసింది. ఎంత వెయ్యాలో, ఎంతసేపు తిప్పాలో, ఎంతసేపు తేరనివ్వాలో నాకు నాలిక చివరే ఉంది. బళ్ళో పిల్లలకు ఆ వారమే ఆ పాఠం చెప్పి వచ్చాను. కొలత లేని సైన్సు కూరపాటి కూడా చెయ్యదని చెప్పి, నాలుగు పది బస్సుకు వెళ్ళిపోయాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ పటిక ముట్టలేదు. చెల్లెలు బొమ్మలన్నీ పొయ్యిలో పెట్టింది. దానికి బుద్ధి వచ్చిందని డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

ఎందుకు చెప్పలేదో చానా ఏళ్ళు నన్ను నేనే అడుక్కున్నాను. చెబితే అది అన్నం వార్చడం లాగా అమ్మ రోజూ చేసుకునే పనైపోయేది. చెప్పనంతకాలం, ఆ ఇంట్లో సైన్సు తెలిసిన మనిషిని నేను. పెళ్ళయ్యేదాకా ఆరేళ్ళలో మూడు వందల పన్నెండు ఆదివారాలు, వెళ్ళనివి తొమ్మిది తీసేస్తే మూడు వందల మూడు. వాటిలో ఒక్క ఆదివారం, పది నిమిషాలు చాలేవి. చెల్లెలు ఆ ఊళ్ళోనే కాపురం చేసి, ఆ నీళ్ళే తాగి, నలభై దాటకుండానే వంగిపోయింది.

పాప ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది. మా చెల్లెలే చెప్పింది. "మెయిన్ ఆపితే కథ రెండో పేజీలోనే అయిపోద్ది తల్లీ. ఇంక ఆయనతో ఎవురికి పని? కావాలంటే మా అక్కనడుగు, ఆమెకు బాగా తెలుసు."

నేను తల దించుకుని చేతిలోని చీటీ మీద పదిహేడు అంకెను చూస్తూ కూర్చున్నాను. పాప పుస్తకాన్ని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. దాని తల కిందికి వంగదు కాబట్టి, నేనే తీసి కళ్ళ ఎత్తున పట్టుకుని ఒక్కో పేజీ తిప్పాను. "ఇంకొంచెం పైకి పట్టు" అంది. పట్టాను.

ఇప్పుడు మా ఊళ్ళో గడప గడపకూ కుళాయి ఉంది, వీధి చివర మంచినీళ్ళ డబ్బాలు అమ్ముతున్నారు, బడి వదిలాక ఎదురొచ్చే పిల్లల పళ్ళు తెల్లగా మెరుస్తాయి. పటికా సున్నమూ పాళ్ళు ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం ఇంకా కంఠతా వచ్చు.