తూర్పు ముఖంగా విరిగిన కంచె

కొత్త కారుకి పూజ తూర్పు ముఖంగానే జరగాలని పంతులుగారు వీడియో కాల్‌లో తేల్చి చెప్పారు. అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా ఇంటి ముందు తూర్పు అంటే పక్కింటి పెద్దాయన చెక్క కంచె. ఆయన భార్య కాలం చేయకముందు దాన్ని సొంత చేతులతో కట్టింది. ప్రతి పలక మీదా ఆవిడ పెన్సిల్‌తో వేసుకున్న కొలత ఉంటుంది. రోజూ పొద్దున్నే ఆయన ఆ పలకల్ని ఒక్కొక్కటిగా తడుముతూ నడిచేవాడు. ఆరేళ్లలో ఆయనా నేనూ మాట్లాడుకున్నది మొత్తం కలిపినా ఒక తుమ్ముకి సరిపోదు.

నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. ఆ దెబ్బకి పక్క రాష్ట్రంలో పిట్టలు లేచి ఉంటాయి. చిప్పలు చెరోవైపు పోయాయి, నీళ్లన్నీ నా పాదాల మీద పడ్డాయి. పూజ కదా, చెప్పుల్లేవు. తడికాళ్లతోనే ఎక్కాను.

"మెల్లిగా తొక్కండి. ఎలక్ట్రిక్ కారది, ఎద్దుబండి కాదు," అంది మా ఆవిడ.

"ఇరవయ్యేళ్లుగా డ్రైవ్ చేస్తున్నానే," అన్నాను.

నిమ్మకాయలు చితికాయి. బ్రేకు మీది కాలు జర్రున జారి పక్కనున్న యాక్సిలరేటర్ మీద పడింది. కంచె ఫెళఫెళా విరిగింది, పలకలు ఈటెల్లా లేచాయి, గులాబీ తీగలు కారు పీక పట్టుకున్నాయి. అయినా ఆగకుండా టమాటా మొక్కల్ని వంశంతో సహా ఊచకోత కోసి, ఆయన వరండా మెట్టుకి మూతి గుద్దుకుని ఆగింది.

"బండి కదిలిందా నాయనా?" అని ఫోన్లో పంతులుగారు.

పెద్దాయన గొడ్డలితో వచ్చాడు. తీగలు నరికి నన్ను బయటికి లాగడానికని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నా మెడ నేను తడిమి చూసుకున్నాను.

"చెప్పుల్లేకుండా కారు నడిపావా?"

"పూజండీ. మనిషిని పిలిచి కొత్త కంచె వేయిస్తాను."

"ఏ మనిషీ వద్దు. నువ్వే," అని సుత్తి చేతికిచ్చాడు.

మూడు శనివారాలు కొట్టాను. మేకుల కంటే నా బొటనవేలికే ఎక్కువ దెబ్బలు పడి, అది గుత్తి వంకాయంత అయింది. ఆయన బడిలో ఫ్రెంచీ, స్పానిషూ చెప్పి రిటైరైన మాస్టారు. కుర్చీ వేసుకుని పాఠం మొదలెట్టాడు.

"దారిని ఫ్రెంచివాడు రూట్ అన్నాడు. వాడి దగ్గర లాక్కుని స్పానిష్‌వాడు రూతా అన్నాడు. తల్లి లాటిన్‌లో ఉంది, రుప్తా. విరగ్గొట్టినది అని. అడవిని నరికి, కొండని పగలగొట్టి వేసిన దారి. ఇటలీలో రొత్తా అంటే ఓడ పోయే దారి, తన్నులు తిని చెల్లాచెదురైన సైన్యం గతి కూడా అదే. ఇంకో మేకు కొట్టు."

"దారులన్నీ అలాగే పుట్టాయాండీ?"

"అన్నిటి సంగతీ నాకు తెలీదు. నువ్వు వేసింది మాత్రం అలాగే పుట్టింది."

చివరి పలక మిగిలింది. అది ఆయన భార్య రాసిన అంకె మీదుగా రెండుగా చీలిపోయింది. కొత్తది తెచ్చి ఆనించాను. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు.

"అక్కడ కొత్తది వద్దు," అన్నాడు. రెండు ముక్కలూ చంకలో పెట్టుకుని లోపలికెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున పలకలు తడుముతూ వచ్చిన ఆయన చెయ్యి ఆ ఖాళీ దగ్గర ఆగింది. ఇవతల నేను టమాటా నారుతో నిలబడి ఉన్నాను.

"చెప్పులేసుకున్నావా?"

కాలెత్తి చూపించాను. అప్పుడు పక్కకి జరిగి దారిచ్చాడు.