కాకుల ప్రశ్నతో కాలేజీ వెతికిన మాస్టారు

పాఠక మహాశయులకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పండితులు కలం పట్టాల్సిన చోట, ఇంటర్‌లో వెనక బెంచీ కదలకుండా బరువుగా మాత్రమే పనికొచ్చిన నేను, మా ఫిజిక్స్ మాస్టారి గురించి రాస్తున్నాను. పోయిన నెల నరసరావుపేటలో ఆయన గుండె ఆగిపోయింది. కబురు వినగానే నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. ఇంటర్ అయిన మా చెల్లికి కాలేజీ వెతకడం అప్పటికి ఇంకా సగంలో ఉంది.

చెల్లి సంగతి చెప్పాలి. కోటప్పకొండ మీద కాకులు వాలవని మా వైపు అందరూ అంటారు, దణ్ణం పెట్టుకుని దిగొస్తారు. ఇది మాత్రం అన్నం ముద్ద చేత్తో పట్టుకుని ఒక పగలంతా మెట్ల మీద కూర్చుంది. అమ్మ దిష్టి తీసింది. మాస్టారేమో మరుసటి ఆదివారం గొడుగు, మజ్జిగ సీసా తెచ్చుకుని దాని పక్కనే కూర్చున్నారు. వాలకపోతే ఎందుకో చూద్దాం, వాలితే ఇంకా మంచిది అన్నారట.

నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీలోనే దీన్నీ వేస్తానన్నాడు నాన్న. కిటికీలకు ఇనప ఊచలు, వరండాలో మాట్లాడితే కేకలు. అక్కడ నాలుగేళ్లలో నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చా అని. నేనంటే జోకులేసుకుంటూ బతికి బయటపడ్డాను. ఇది అక్కడ మాటే మానేస్తుందని నాకు నిద్ర పట్టేది కాదు. నాన్న మాస్టారి మాట తప్ప ఎవరిదీ వినడు. అందుకే వేరే కాలేజీ చూసిపెట్టమని మాస్టారిని బతిమాలాను.

కాలేజీ చూడటంలో ఆయన పద్ధతే వేరు. ర్యాంకుల ఫ్లెక్సీ వైపు కన్నెత్తి చూసేవారు కాదు. పాఠం చెప్పే మనిషినొకరిని పట్టుకుని, చెల్లి చేత ఆ కొండ మీద కాకులెందుకు వాలవన్న ప్రశ్న అడిగించి, తను ఆ ముఖంలోకి చూసేవారు. మొదటి చోట అది పరీక్షలో రాదన్నారు. రెండో చోట కసురుకున్నారు. గేటు దాటాక మాస్టారు నా భుజం మీద చెయ్యేశారు.

"ఏందిరా, పిల్ల అడిగింది కాకి గురించేగా, ఆయనకెందుకంత కోపం? తెలీదనటానికి భయం. అట్టా భయపడేవాళ్ల దగ్గర దీన్ని వదలమాకు."

మూడోది చూడాల్సిన వారంలోనే ఆయన పోయారు.

చెల్లీ నేనే వెళ్లాం. చానా మామూలు డిగ్రీ కాలేజీ, గోడల సున్నం రాలుతోంది. జువాలజీ మేడమ్ ఒకావిడ ప్రశ్న విని పెన్ను కింద పెట్టింది.

"ఏ నెలలో చూశావమ్మా? అన్నమే పెట్టావా, ఇంకేమన్నానా?"

ఆ తర్వాత ఇద్దరూ నన్ను మర్చిపోయారు. ఒకరు నన్ను పట్టించుకోనందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. తిరుగు బస్సులో చెల్లి నోరు మూయలేదు.

ఇప్పుడది ఆ కాలేజీ హాస్టల్‌కి పెట్టె సర్దుకుంటోంది. ఆ మేడమ్ వెళ్లిపోతే ఏమవుతుంది? ఆమె కాక మిగతావాళ్లంతా కసురుకునే రకమైతే? మాస్టారు ఆ ముఖంలో ఇంకేం చూసేవారో, నాకు కనపడనిది ఏముందో తెలియదు. పెట్టె మూత చప్పుడైనప్పుడల్లా వెళ్లి గుమ్మంలోంచి తొంగి చూస్తున్నాను.

నాన్న ఎలా ఒప్పుకున్నాడంటారా? ఆ కాలేజీ గురించి మాస్టారు గారు ఏమన్నార్రా అని ఒక్కమాటే అడిగాడు. ఈ మొత్తం వ్యవహారంలో నేను నిజంగా చేసింది కూడా ఒక్కటే.

"పోయే ముందు చూసొచ్చారు నాన్నా. పిల్లని ఇక్కడే వెయ్యమన్నారు" అన్నాను.

నాన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.