సెల్విన్ మౌనంలో పడిన గొర్రె తొడ

ఇంగ్లండులో మిల్లుల ఊరు మా హడర్స్‌ఫీల్డ్‌లో మగపిల్లాడు ఊదితే కార్నెట్ బాకానే ఊదాలి. సెల్విన్ థ్యాక్‌రే పదిహేనో ఏట శాక్సఫోన్ తెచ్చుకుంటే, మిల్లు బ్యాండులో కార్నెట్ వాయించే వాళ్ల నాన్న వారం రోజులు మాట్లాడలేదట. ఆ తర్వాత నలభై మూడేళ్లు సెల్విన్ ఊదుతూనే ఉన్నాడు. పెద్దయ్యాక వారమంతా బస్సు నడిపేవాడు. సెలవుల్లో పెళ్లిళ్లలో, సముద్రతీరపు విడిది శిబిరాల్లో వాయించేవాడు. ఊదినవన్నీ పక్కవాళ్ల పాటలే. నేను అతని పక్కన నిలువెత్తు తంత్రివాద్యం, డబుల్ బేస్ వాయించేదాన్ని కనక, ఎన్ని ఆవలింతల మధ్య ఊదాడో నాకు తెలుసు.

యాభై ఎనిమిదో ఏట సొంతంగా ఒకటి రాశాడు. ఇరవై నిమిషాలది.

"హిల్డా, జనం చివరిదాకా విన్నారా సరే. వినలేదా, ఇంక కలం ముట్టను," అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం, మా పబ్బులో. చివరికి ముందు పదహారు ఆవర్తనాలు ఎవరూ ఏమీ వాయించకూడదు. తర్వాత శాక్సఫోన్ ఒక్కటే మెల్లగా ఎత్తుకోవాలి. ఆ మౌనమే ఈ రచనకు ప్రాణమని రిహార్సల్లో మా ప్రాణం తీశాడు.

మౌనం మొదలైంది. నాలుగో ఆవర్తనంలో జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆరో దాంట్లో పబ్బు నడిపే నోరీన్ మైకు లాక్కుంది. బ్యాండు ఆగితే, టికెట్లమ్మి మాంసం బహుమతిగా ఇచ్చే లాటరీ తియ్యడం ఆమె పాతికేళ్ల అలవాటు.

"బాగుంది నాయనా సెల్విన్! పచ్చ టికెట్టు, నూట పన్నెండు! గొర్రె తొడ!"

సెల్విన్ కళ్లు గుడ్లగూబ కళ్లయ్యాయి. శాక్సఫోన్ మూతి మాత్రం నోట్లోంచి తియ్యలేదు. ఇంతలో వెనక నుంచి కేక: "నాదే! నాదేనమ్మోయ్!"

మా డ్రమ్మర్ ఆర్విల్. కర్రలు పడేసి పరిగెత్తాడు.

"చచ్చినోడా, కూర్చో!" అన్నాను పళ్లు కొరుకుతూ. వింటేనా?

అప్పుడు చూశాను, సెల్విన్ కాలు. ఇంకా లెక్క వేస్తూనే ఉంది. పద్నాలుగు. పదిహేను. పదహారు. ఊదాడు.

మైకులో నోరీన్ గొంతు: "అయ్యయ్యో, ఇంకా ఉందా!" ఆర్విల్ గొర్రె తొడను చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని దారి మధ్యలో కొయ్యబారిపోయాడు. గ్లాసు కూడా కదల్లేదు. నలభై మూడేళ్లలో సెల్విన్ అలా ఊదగా విన్నవాళ్లు లేరు.

ఆఖరి స్వరం ఆగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మళ్లీ తప్పు చేస్తామేమోనని ఊరంతా ఊపిరి బిగబట్టింది. సెల్విన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నోరీనే గుసగుసగా అడిగింది: "ఇప్పుడైనా అయిపోయిందా, బంగారం?"

"అయిపోయింది."

చప్పట్లకు పబ్బు కప్పు లేచిపోయినంత పనైంది. ఆ హోరులో అతను నోరీన్ చెవి దగ్గర అరవడం విన్నాను:

"వచ్చే నెల ఇంకోటి తెస్తా. లాటరీ ముందే తీసెయ్ తల్లీ!"