అమ్మ మిషను మీది లైటు

పగలు మందుల షాపులో పని చేస్తాను. సాయంత్రమైతే పాడైపోయిన సెట్‌టాప్ బాక్సులు విప్పి, ఆ సామానుతో ఏదో ఒకటి తయారుచేస్తుంటాను. మదనపల్లెలో మా వీధివరకు నాకు పనిమంతుడని పేరుంది. ఆ పేరంటే నాకు ప్రాణం.

అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొన్నాళ్లుగా ఆమెకు చెవులు సరిగా వినపడవు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి బదులిస్తుంది గనక ఎవరికీ తెలియదు. తలుపు కొట్టినవాళ్లు మాత్రం కొట్టీ కొట్టీ విసిగి, "ఆయమ్మకు పొగరు" అనుకుంటూ వేరే టైలరు దగ్గరికి పోయేవాళ్లు. చెవి మిషను పెట్టుకోమంటే అమ్మ ససేమిరా అంది.

"పొగరని అనుకోనీలేప్పా. చెవుడని మాత్రం ఎవురూ అనకూడదు."

మొదట పెద్ద మోత చేసే కాలింగ్ బెల్లు తయారుచేశాను. వీధంతా విన్నది, అమ్మ తప్ప. తర్వాత బెల్లు నొక్కితే వెలిగేలా గోడకు ఎర్ర బల్బు పెట్టాను.

"ఇది యాలరా? మన ఇల్లేమన్నా ఆపరేషన్ థియేటరా? సూసినోళ్లు అడగరా?" అని దానిమీద లైనింగు గుడ్డ కప్పేసింది. నాకు ఒళ్లు మండింది.

చివరికి బెల్లుకు మోత తీసేసి, కుట్టుమిషను మీద సూది దగ్గరుండే చిన్న లైటుకు కలిపాను. బయట నొక్కితే లోపల ఆ లైటు ఆరి వెలుగుతుంది. నేను చేసినవాటిలో నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే. అమ్మ లేచి వెళ్లి తలుపు తీయసాగింది. వేరే టైలరు దగ్గరికి పోయినవాళ్లు తిరిగి వచ్చారు. ఎవరికైనా చెప్పుకోవాలని నాకు నోరు ఒకటే దురద. చెప్పుకోకూడదు.

ఒక ఆదివారం పుంగనూరు నుంచి ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది. అంతలో లైటు ఆరి వెలిగింది.

"ఏమక్కా, లైటు ఇట్ల కొట్టుకుంటాండాది?"

అమ్మ తడుముకోలేదు. "మావాడు పెట్టినాడులేమ్మా. వానికి పని రాదు. ఏది ముట్టుకున్నా ఇంతే," అని తలుపు తీయడానికి వెళ్లింది.

నేను పక్కనే స్టూలు మీద కూర్చుని వైరు అతికిస్తున్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

"కుప్పంలో మా తమ్ముడు ఉండాడప్పా. వైరింగు పని బాగా తెలుసు వానికి. ఈసారి వచ్చినప్పుడు పంపిస్తా, సూపించుకో."

ఒక్క మాట చెబితే నా పరువు నాకు దక్కేది. అమ్మ మాకు వీపు పెట్టి వాకిట్లో నిలబడింది. నేనేమన్నా ఆమెకు వినపడదు.

"పంపించండక్కా, నాకు చేతకావడం లేదు," అన్నాను.